మాధవవర్మ న్యాయానికి వారసులెవరు?

బెజవాడ మల్లేశ్వరస్వామి స్థలపురాణంలో మాధవవర్మ కథ ఒకటుంది. రాజుగారి కొడుకు రథం కిందపడి, చింతచిగురు అమ్ముకునే ఒకామె బిడ్డ చచ్చిపోతాడు. ఆ తల్లి రాజు దగ్గరికెళ్లి మొత్తుకుంటుంది. రాజు సొంత కొడుక్కే మరణశిక్ష వేస్తాడు. ఆ ధర్మానికి మెచ్చి శివుడు కనకవర్షం కురిపిస్తాడు. చట్టం ముందు రాజకుమారుడూ పేదరాలి బిడ్డా ఒకటేనని చెప్పే కథ ఇది.

మాధవవర్మ అనేది 5, 6 శతాబ్దాల్లో కృష్ణా తీరాన్నేలిన విష్ణుకుండిన రాజుల్లో ఒకరికి మించి ఉన్న పేరు. నాటి తెనాలి తాలూకా ఈపూరులో దొరికిన మాధవవర్మ రాగిరేకులు మరో సంగతి చెబుతున్నాయి. ఒక బ్రాహ్మణుడికి రాజు గ్రామాన్ని దానమిచ్చాడు. కథలో పేదరాలికి న్యాయం, రాగిరేకు మీద బ్రాహ్మణుడికి భూమి. మొదటిది నోటిమాట, రెండోది పత్రం. భూమి ఎవరిదో తేల్చేది పత్రమే కదా!

తర్వాతి పాలకులకు ఈ పేరు బాగా అక్కరకొచ్చింది. సిద్ధేశ్వర చరిత్ర కాకతీయుల మూలపురుషుడిగా మాధవవర్మనే చూపింది. విజయనగరం పూసపాటి రాజులూ తమ వంశాన్ని ఆయనతోనే ముడిపెట్టుకున్నారు. మరి చింతచిగురు అమ్మినామె వంశం మాదని ఏ వంశావళి రాసుకుంది? కథలో ఆమెకు పేరు కూడా లేదు. కీర్తంతా రాజుదే.

ఆ న్యాయం రాజు మంచితనం మీద నిలబడింది. రాజు మంచివాడు కాకపోతే తల్లి గతేంటి? అంబేద్కర్ సారథ్యంలో రాసుకున్న రాజ్యాంగం 1950లో ఈ లెక్క మార్చింది. 14వ అధికరణం సమానత్వాన్ని హక్కు చేసింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది.

అయితే కాగితం మీది హక్కు దానంతటదే నడిచి రాదని ఈ డెల్టాయే చూపించింది. 1985 జులై 17న కారంచేడులో అగ్రకుల భూస్వాముల దాడిలో ఆరుగురు దళితులు చనిపోయారు. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అయినా 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. అక్కడి దళితులు పోరాడి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు వాళ్లందర్నీ నిర్దోషులంది.

కథలో తీర్పుకి ఒక ఫిర్యాదు చాలింది. ఇక్కడ మొదటి తీర్పుకే 16 ఏళ్లు పట్టింది, అదీ నిలబడలేదు. అయినా మాధవవర్మ న్యాయానికి వారసులెవరంటే, వంశావళులు తిరగెయ్యక్కర్లేదు. కోర్టుని తమ ఊరికే రప్పించుకున్న చుండూరు దళితవాడని అడిగితే చాలు.