మంచు ఇంటి ఇల్లాలు

ఎస్కిమోలు మంచు ఇళ్లలో ఉంటారనీ, సీలు మాంసం తింటారనీ చిన్నప్పుడు వాచకంలో చదువుకున్నాం కదా! వాళ్లు తమను 'ఇన్యూయిట్' అని చెప్పుకుంటారు. అంటే మనుషులని అర్థం. పుస్తకంలో బల్లెం పట్టుకున్న మగవాడి బొమ్మే ఉండేది. ఇంట్లో ఇల్లాలు ఏం చేసేదో ఎవరూ చెప్పలేదు. ఈవేళ ఆవిడ సంగతి చెప్పుకుందాం.

కెనడా ఉత్తరపు కొసన చెట్లు మొలవవు. మరి కట్టెలెక్కడివి? ఆవిడకు పొయ్యి, దీపం, కుంపటి అన్నీ ఒక్కటే, 'కుల్లిక్' అనే రాతి ప్రమిద. మెత్తని రాయిని అర్ధచంద్రాకారంగా తొలిచి, అందులో సీలు కొవ్వు కరిగించి, నాచూ, గడ్డిపూల దూదీ కలిపి అంచు పొడవునా వత్తిగా పేర్చేవారు. పుల్లతో సర్దుతూ కూర్చోవాలి, ఏమరితే ఇల్లంతా పొగే. మంచు కరిగించి తాగేనీళ్లు చేసుకోవడం, వండుకోవడం, తడిబట్టలు ఆరబెట్టుకోవడం అన్నీ దానిమీదే.

ఇక కుట్టుపని చూడండి. కారిబూ అనే దుప్పిజాతి జంతువు తోలుతో రెండు పొరల దుస్తులు. లోపలిదాని బొచ్చు ఒంటివైపు, పైదాని బొచ్చు బయటికి. దారం కూడా ఆ జంతువు నరమే. నీళ్లు దిగని బూట్లు కుట్టేటప్పుడు సూది తోలుకు అవతలివైపు తేలకూడదు, సగం మందంలోనే నడవాలి. కుట్టు వదులైతే వేటకెళ్లినవాడి పాదం గడ్డకట్టుకుపోయే ప్రమాదం. చంటిపిల్లాడు మాత్రం అమ్మ తొడుక్కున్న 'అమౌతి' వీపు సంచిలో వెచ్చగా ఉండేవాడు.

ఇంత నేర్పున్నవాళ్లు ఎక్కడైనా బతుకుతారులే అనుకున్నారు కాబోలు పైవాళ్లు! 1953లో, మళ్లీ 1955లో, క్యుబెక్ ఉత్తరాన ఉన్న ఇనుక్జువాక్ నుంచి కొన్ని కుటుంబాలను కెనడా ప్రభుత్వం సుమారు 2000 కిలోమీటర్లు ఇంకా పైకి, గ్రీస్ ఫియర్డ్, రెజల్యూట్ అనే చోట్లకు తరలించింది. అక్కడ చలికాలంలో దాదాపు మూడు నెలలు సూర్యుడే కనబడడు. వేట దారులు కొత్త. పైగా కారిబూ వేటకు ఆంక్షలు పెట్టారు. తోలు లేకపోతే సూది ఏం చేస్తుందండీ? రెండేళ్లకు కావాలంటే తిరిగి రావచ్చన్న మాట నిలబెట్టుకోలేదు. 1980ల చివరికి గాని కొందరు సొంతూరు చేరలేదు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2010లో. అప్పటికి వెళ్లినవాళ్లలో ఎందరో పోయారు.

1999 ఏప్రిల్ 1న ఇన్యూయిట్లు అధికసంఖ్యలో ఉన్న నునావుట్ ప్రాంతం వేరుగా ఏర్పడింది. ఇప్పుడు అక్కడి ఇళ్లలో కరెంటు దీపాలే. కాని సభలూ వేడుకలూ జరిగినప్పుడు కుల్లిక్ ముందుకొస్తుంది. దాన్ని వెలిగించి, పుల్లతో వత్తి సర్దుతూ కూర్చునేది సాధారణంగా ఊళ్లోని పెద్దావిడే.