పొద్దున్నే మొరాయించే పోర్షే: కంప్యూటర్ లేని రోజుల్లో చలిని కొలిచిన కథ

చరిత్ర అనగానే మనకి రాజులు, యుద్ధాలు, కోటలు గుర్తొస్తాయి. ఇవాళ్టి ఎపిసోడ్‌లో మాత్రం ఒక చిన్న సమస్యకున్న చరిత్ర చెప్తాను. రాత్రంతా చలిలో ఉన్న బండి పొద్దున్నే ఎందుకు స్టార్ట్ అవ్వదు? కార్లలో కంప్యూటర్ లేని రోజుల్లో ఇంజినీర్లు దీనికి ఏం జవాబు కనిపెట్టారు? ఆ జవాబు నలభై ఏళ్ల తర్వాత మొరాయిస్తే, లోపం ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

మన ఉదాహరణ పోర్షే 911 ఎస్‌సీ. 1978 నుంచి 1983 మోడల్ దాకా వచ్చిన కారు. మూడు లీటర్ల, ఆరు సిలిండర్ల, గాలితో చల్లబడే ఇంజిన్. దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, ఈ కారులో కోల్డ్ స్టార్ట్ తేడా కొడితే బండి స్టార్ట్ అవ్వకపోవడంతో విషయం ఆగదు. ఒక్కోసారి వెనక నుంచి 'ఢాం' అని శబ్దం వస్తుంది, ఇంజిన్ మీదున్న ప్లాస్టిక్ పెట్టె పగిలిపోతుంది. అదెందుకో తర్వాత చెప్తాను. ముందు అసలు సమస్య ఏంటో చూద్దాం.

పెట్రోల్ ద్రవంగా ఉంటే ఇంజిన్‌లో సరిగ్గా మండదు. ఆవిరై గాలితో కలవాలి. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇంజిన్ వేడిగా ఉంటే ఈ లెక్క సరిపోతుంది. చల్లగా ఉంటే, మనం పంపిన పెట్రోల్‌లో చాలా భాగం గొట్టాల గోడలకీ సిలిండర్ గోడలకీ తడిలా అంటుకుపోతుంది. ఆవిరయ్యేది కొంచెమే. అందుకే చల్లటి ఇంజిన్‌కి మామూలు కంటే ఎక్కువ పెట్రోల్ పోయాలి. ఎంత ఎక్కువ, ఎంతసేపు? కోల్డ్ స్టార్ట్ చరిత్ర మొత్తం ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

కార్బురేటర్ రోజుల్లో ఈ ప్రశ్నలకి జవాబు చెప్పింది మనిషే. మీ నాన్నగారినో తాతగారినో అడగండి. చలికాలం పొద్దున బజాజ్ చేతక్‌ని ఒక పక్కకి వంచి, చోక్ లాగి, కిక్ కొట్టిన కథ చెప్తారు. చోక్ అంటే గాలి దారిని మూసే చిన్న రేకు. గాలి తగ్గితే మిశ్రమంలో పెట్రోల్ పాళ్లు పెరుగుతాయి. ఎప్పుడు లాగాలి, ఎప్పుడు వదలాలి అన్నది నడిపేవాడి చెవికి, చేతికి తెలిసేది. అంటే థర్మామీటరూ మనిషే, టైమరూ మనిషే.

ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక కథ మారింది. 1954 ఫిబ్రవరిలో న్యూయార్క్ షోలో మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్‌ఎల్‌ని చూపించారు. తలుపులు రెక్కల్లా పైకి లేచే కారు అది. అందులో బాష్ కంపెనీ మెకానికల్ పంపు పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి కొట్టేది. పవర్ బాగా పెరిగింది. కానీ ఇగ్నిషన్ ఆపాక కూడా ఇంజిన్ తిరగడం ఆగేదాకా పంపు పెట్రోల్ కొడుతూనే ఉండేది. మండని ఆ పెట్రోల్ సిలిండర్ గోడల మీద ఆయిల్‌ని కడిగేసి, కిందకి దిగి ఇంజిన్ ఆయిల్‌లో కలిసేది. అవసరం లేని చోట ఎక్కువ పెట్రోల్ పోస్తే ఏమవుతుందో అప్పుడే తెలిసొచ్చింది.

తర్వాత అమెరికా వాళ్లు ఎలక్ట్రానిక్స్‌తో ప్రయత్నించారు. 1958లో క్రైస్లర్ కొన్ని డజన్ల కార్లలో బెండిక్స్ కంపెనీ తయారు చేసిన ఎలక్ట్రోజెక్టర్ పెట్టింది. ఆలోచన గొప్పదే, కానీ ఆనాటి విడిభాగాలు కారులోని వేడిని, కుదుపుల్ని తట్టుకోలేకపోయాయి. చాలా కార్లకి దాన్ని పీకేసి మళ్లీ కార్బురేటర్లు బిగించారు. ఆ పేటెంట్ల హక్కులు బాష్ చేతికి వచ్చాయి. 1967లో బాష్ డి-జెట్రానిక్ వచ్చింది. అమెరికాకి వెళ్లే ఫోక్స్‌వ్యాగన్ 1600లో ముందుగా పెట్టారు. అది పనిచేసింది కానీ ఖరీదైనది.

1970లో అమెరికాలో క్లీన్ ఎయిర్ చట్టం కఠినమైంది. పొగ తగ్గాలి, ధర పెరగకూడదు. అప్పుడు బాష్ ఒక వింత దారి పట్టింది. ఎలక్ట్రానిక్స్‌ని పక్కన పెట్టి, గాలి, ఒత్తిడి, లోహం, వేడి, ఈ నాలుగింటితోనే లెక్కలు చేసే యంత్రాన్ని తయారు చేసింది. దాని పేరు కే-జెట్రానిక్. ఆ 'కే' అక్షరం జర్మన్‌లో 'నిరంతరం' అనే మాటకి గుర్తు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ఇంజెక్టర్లు ఆగకుండా పెట్రోల్ చిమ్ముతూనే ఉంటాయి. 1973 జనవరి నుంచి అమెరికా మార్కెట్ పోర్షే 911 టీలో ఇది కనిపించింది. తర్వాత గోల్ఫ్ జీటీఐ, ఫెరారీ 308 జీటీబీఐ, 'బ్యాక్ టు ది ఫ్యూచర్' సినిమాలో మీరు చూసిన డెలోరియన్, అన్నింటిలోనూ ఇదే.

ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం నెమ్మదిగా చూద్దాం, ఎందుకంటే లోపం పట్టుకోవడం మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది. ఇంజిన్ గాలి పీల్చుకున్నప్పుడు గరాటులో ఉన్న ఒక గుండ్రటి పళ్లెం పైకి లేస్తుంది. దాని చేయి ఒక సన్నటి ప్లంజర్‌ని పైకి తోస్తుంది. ప్లంజర్ ఎంత లేస్తే అంత పెట్రోల్ ఆరు ఇంజెక్టర్లకీ వెళ్తుంది. ఆ ప్లంజర్ నెత్తి మీద పెట్రోల్ ఒత్తిడే ఇంకో పక్క నుంచి నొక్కుతూ ఉంటుంది. దాన్ని కంట్రోల్ ప్రెషర్ అంటారు. ఆ ఒత్తిడి తగ్గితే పళ్లెం సులువుగా లేస్తుంది, పెట్రోల్ ఎక్కువ వెళ్తుంది. పెరిగితే తక్కువ వెళ్తుంది.

ఇక చలిని చూసుకోవడానికి నాలుగు భాగాలున్నాయి.

ఒకటి, కోల్డ్ స్టార్ట్ వాల్వ్. సెల్ఫ్ కొడుతున్నప్పుడు మాత్రమే అదనంగా పెట్రోల్ చిమ్మే ఏడో ఇంజెక్టర్ అనుకోండి.

రెండు, థర్మో టైమ్ స్విచ్. నాకు అన్నిటికంటే ముద్దొచ్చేది ఇదే. ఇందులో రెండు లోహాలు అతికించిన పట్టీ ఉంటుంది, దాని చుట్టూ చిన్న హీటర్ చుట్ట ఉంటుంది. సెల్ఫ్ కొట్టగానే హీటర్ వేడెక్కుతుంది, పట్టీ వంగుతుంది, కోల్డ్ స్టార్ట్ వాల్వ్‌కి కరెంట్ తెగిపోతుంది. మైనస్ 20 డిగ్రీల చలిలో దీనికి సుమారు 8 సెకన్లు పడుతుంది. ఇంజిన్ ముందే వేడిగా ఉంటే పట్టీ అప్పటికే వంగి ఉంటుంది కాబట్టి వాల్వ్ అసలు తెరుచుకోదు. చూశారా, ఒక్క లోహపు పట్టీ థర్మామీటరూ అయింది, గడియారమూ అయింది. చోక్ లాగే మనిషి చేసే పని ఇప్పుడు ఇది చేస్తోంది.

మూడు, వార్మ్ అప్ రెగ్యులేటర్. చల్లగా ఉన్నప్పుడు కంట్రోల్ ప్రెషర్ తగ్గించి, ఇంజిన్ వేడెక్కేకొద్దీ కొన్ని నిమిషాల్లో సుమారు 3.6 బార్‌కి తీసుకెళ్తుంది. ఇందులోనూ అలాంటి పట్టీ, హీటరే.

నాలుగు, ఆక్సిలరీ ఎయిర్ వాల్వ్. చల్లటి ఇంజిన్ బరువుగా తిరుగుతుంది కాబట్టి, మొదటి కొద్ది నిమిషాలు పక్క దారిలో అదనపు గాలి ఇచ్చి ఆగిపోకుండా నిలబెడుతుంది.

ఇప్పుడు ఆ 'ఢాం' సంగతి. 911 ఎస్‌సీలో కోల్డ్ స్టార్ట్ వాల్వ్ పెట్రోల్ చిమ్మేది ఇంజిన్ మీదున్న ఎయిర్‌బాక్స్ అనే ప్లాస్టిక్ పెట్టెలోకి. అన్ని సిలిండర్లకీ సమానంగా అందకపోతే, ఏదో ఒక దాంట్లో పెట్రోల్ తక్కువైన మిశ్రమం నెమ్మదిగా మండుతుంది. లోపలి వాల్వ్ తెరుచుకునేసరికి మంట ఇంకా ఆరదు. వెనక్కి పాకి ఎయిర్‌బాక్స్‌లో ఉన్న పెట్రోల్ ఆవిరిని అంటిస్తుంది. పెట్టె పగులుతుంది. దాన్ని మార్చాలంటే చాలామంది ఇంజిన్‌నే కిందకి దించుతారు. అంటే ఒక్క చెడ్డ స్టార్ట్‌కి రోజుల తరబడి పని. అందుకే ఎంతోమంది యజమానులు ఎయిర్‌బాక్స్‌కి కన్నం చేసి, స్ప్రింగ్ మూత ఉన్న పాప్ ఆఫ్ వాల్వ్ అతికించుకున్నారు. పేలినా ఒత్తిడి ఆ మూతలోంచి బయటికి పోతుంది. కానీ ఒకటి గమనించండి. అది దెబ్బ తగ్గించేదే తప్ప జబ్బు తగ్గించేది కాదు.

మరి జబ్బు ఎలా పట్టుకోవాలి? ముందు బ్యాటరీ, స్పార్క్, పెట్రోల్ పంపు సరిగ్గా ఉన్నాయని తేల్చుకోవాలి. తర్వాత బండి ఏం చెప్తుందో వినాలి.

సెల్ఫ్ ఎంత కొట్టినా అంటుకోకపోతే అనుమానం మొదటి రెండు భాగాల మీద. వాల్వ్‌ని విప్పి గాజు సీసాలో పెట్టి, స్పార్క్ రాకుండా ఆపేసి, ఇంకొకరితో సెల్ఫ్ కొట్టించాలి. చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ సన్నటి జల్లులా రావాలి, కొన్ని సెకన్లలో ఆగాలి. ఆగాక ఒక్క చుక్క కూడా కారకూడదు. జల్లు రాకపోతే వాల్వ్ కనెక్టర్ దగ్గర కరెంట్ చూడాలి. కరెంట్, ఎర్త్ రెండూ వస్తున్నా జల్లు రాకపోతే వాల్వ్ పోయినట్టు. ఎర్త్ దొరక్కపోతే థర్మో టైమ్ స్విచ్‌ని చూడాలి, ఎర్త్ కలిపేది అదే. ఒక హెచ్చరిక: ఇది బయట, గాలి ఆడే చోట, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కన పెట్టుకుని, పని తెలిసినవాళ్లు మాత్రమే చేయాల్సింది. వీడియో చూసి ఇంట్లో ట్రై చేయొద్దు.

అంటుకుని రెండు సెకన్లలో ఆగిపోతే లెక్క వేరు. కోల్డ్ స్టార్ట్ వాల్వ్ తన పని తాను చేసింది. ఆ తర్వాత చేతులు మారాల్సిన చోట తప్పుతోంది. కంట్రోల్ ప్రెషర్ ఎక్కువగా ఉందా, అదనపు గాలి దారి మూసుకుపోయిందా, ఎక్కడైనా దొంగ గాలి దూరుతోందా చూడాలి. అదనపు గాలికి సులువైన పరీక్ష ఉంది. ఇంజిన్ చల్లగా ఉండి తిరుగుతున్నప్పుడు ఆ రబ్బర్ గొట్టాన్ని నొక్కితే ఇంజిన్ వేగం తగ్గాలి. వేడెక్కాక నొక్కితే తేడా రాకూడదు. దొంగ గాలికి ఇంకో పరీక్ష. ఐడిల్‌లో ఆయిల్ మూత తీస్తే ఇంజిన్ తడబడాలి. తడబడలేదంటే గాలి ఇప్పటికే ఇంకెక్కడి నుంచో వస్తోంది.

స్టార్ట్ అయి, వేడెక్కాక కూడా నల్ల పొగ వదులుతుంటే, కంట్రోల్ ప్రెషర్ పెరగట్లేదేమో చూడాలి. వార్మ్ అప్ రెగ్యులేటర్ హీటర్‌కి కరెంట్ రాకపోయినా ఇలాగే అవుతుంది. ఇక పొద్దున చక్కగా స్టార్ట్ అయి, మధ్యాహ్నం వేడి మీద మొరాయిస్తే అది కోల్డ్ స్టార్ట్ జబ్బే కాదు. ఇంజిన్ ఆపాక లైన్లలో ఒత్తిడి నిలవట్లేదు, పెట్రోల్ ఆవిరైపోతోంది. అక్యుమ్యులేటర్‌ని, పంపులోని చెక్ వాల్వ్‌ని చూడాలి.

ఇక్కడ చాలా షెడ్లలో జరిగే ఒక పని గురించి చెప్పాలి. మిశ్రమం సర్దడానికి ఒక స్క్రూ ఉంది, 3 మిల్లీమీటర్ల అలెన్ కీతో తిరుగుతుంది. పొద్దున స్టార్ట్ అవ్వట్లేదనగానే దాన్ని కాస్త తిప్పేస్తారు. బండి స్టార్ట్ అవుతుంది, యజమాని సంతోషంగా డబ్బులిచ్చి వెళ్తాడు. కానీ పాడైంది వార్మ్ అప్ రెగ్యులేటర్. స్క్రూ తిప్పడం వల్ల ఇప్పుడు వేడి మీద కూడా పెట్రోల్ ఎక్కువ పోతుంది. మైలేజ్ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. తర్వాత వచ్చిన మెకానిక్‌కి అసలు లోపంతో పాటు ముందాయన దిద్దుబాటు కూడా కలిసి కనిపిస్తుంది. ఒక్క ప్రెషర్ గేజ్ బిగించి, ఆ ఉష్ణోగ్రతకి ఫ్యాక్టరీ పట్టికలో ఉన్న అంకెతో పోలిస్తే అరగంటలో తేలే విషయం అది. కొలవకుండా సర్దితే లోపం పోదు, దాక్కుంటుంది.

పాత కార్లలో ఇది ఇంకా ముఖ్యం. ఇవి నెలల తరబడి కదలకుండా ఉంటాయి. పెట్రోల్ పాతబడుతుంది, తేమ చేరుతుంది, సన్నటి ప్లంజర్ పట్టేస్తుంది, రెగ్యులేటర్ లోపల తుప్పు వస్తుంది. యంత్రం డిజైన్‌లో తప్పు లేదు, దాని స్పర్శ మొద్దుబారింది అంతే.

1984 మోడల్ 911 కరేరా 3.2 వచ్చేసరికి పోర్షే ఈ కే-జెట్రానిక్‌ని వదిలి మోట్రానిక్ అనే కంప్యూటర్‌కి మారింది. పట్టీలు, హీటర్లు చేసిన పనిని ఒక ఉష్ణోగ్రత సెన్సార్, ఒక చిప్ పంచుకున్నాయి. సమస్య మాత్రం మారలేదు. ఆ సెన్సార్ వైర్ తెగితే కంప్యూటర్ బయట గడ్డకట్టే చలి ఉందనుకుని పెట్రోల్ కుమ్మరిస్తుంది. అంటే లోపం పట్టుకునేవాడు అడగాల్సిన ప్రశ్న అప్పుడూ ఇప్పుడూ ఒకటే: ఈ ఇంజిన్ తాను ఎంత చల్లగా ఉన్నాననుకుంటోంది?

మీలో చాలామంది దగ్గర 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చాక కొన్న బైక్ ఉండే ఉంటుంది. దానికి చోక్ లివర్ వెతికారా? చాలావాటికి ఉండదు, ఎందుకంటే అందులో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. డిసెంబర్‌లో లంబసింగిలోనో ఆదిలాబాద్‌లోనో పొద్దున్నే బటన్ నొక్కగానే అది స్టార్ట్ అయిందంటే, ఒక సెన్సార్ చలిని కొలిచి పెట్రోల్ ఎంతో లెక్క కట్టింది. ఎప్పుడైనా స్టార్ట్ అవ్వకపోతే, షెడ్‌లో 'ఏం మార్చాలి' అని అడిగే ముందు 'ఏం కొలిచారు' అని అడగండి. ఆ ఒక్క మాటతో మీ డబ్బు మిగలొచ్చు, బండి కూడా బాగుపడుతుంది.

ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. మీ ఇంట్లో చోక్ లాగిన తరం వాళ్లుంటే, వాళ్ల పొద్దుటి కష్టాలు అడిగి తెలుసుకోండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.