వైద్య విద్యలో ఏఐ ఫీడ్‌బ్యాక్

వైద్య విద్యార్థి రోగిని ప్రశ్నించిన తీరును, రాసిన కేస్‌షీటును కృత్రిమ మేధ పరిశీలించి లోపాలు చెప్పే పద్ధతి. దాన్ని పరీక్షించాలంటే అదే కేస్‌షీటుకు అధ్యాపకులూ విడిగా మార్కులు వేసి, రెండూ ఎంతవరకు కలిశాయో చూడాలి. 2019లో మన ఎంబీబీఎస్‌లో వచ్చిన సామర్థ్య ఆధారిత పాఠ్యక్రమం ఫీడ్‌బ్యాక్‌కు పెద్దపీట వేసింది.

సింగరేణి బొగ్గు సంస్థ నిధులతో రామగుండంలో 2022లో 150 సీట్లతో మొదలైన వైద్య కళాశాల వంటి చోట ఈ పద్ధతికి అసలు చిక్కు భాషే. గని కార్మికుడు "దమ్మొస్తుంది సారూ, మెట్లెక్కలేకపోతున్న" అంటాడు. ఇక్కడ దమ్మంటే ఆయాసం, ధైర్యం కాదు. "బాయిల ఎన్నేండ్లు చేసిన్రు?" అని విద్యార్థి అడిగితే, అది బొగ్గు ధూళితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు న్యూమోకోనియోసిస్‌ను పట్టిచ్చే ప్రశ్న. బాయిని గని కాక నీళ్ల బావి అనుకున్న యంత్రం ఆ మార్కు కోసేస్తుంది.