కుర్చీల కంపెనీ పాటలు: పారామౌంట్ రికార్డుల రెండో జీవితం

1931 ఫిబ్రవరిలో మిసిసిపీకి చెందిన స్కిప్ జేమ్స్ అనే బ్లూస్ గాయకుడు విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రాఫ్టన్ అనే చిన్న ఊరికి వచ్చాడు. గిటారు మీద కొన్ని, పియానో మీద కొన్ని పాటలు పాడి రికార్డు చేయించుకుని తిరిగి వెళ్ళాడు. వాటిలో 18 పాటలు మనకు దక్కాయి. ఆర్థిక మాంద్యం ముదిరిన రోజులు కావడంతో ఆ రికార్డులు కొన్నవాళ్ళు బహు తక్కువ. ఈనాడు వాటిలో కొన్నిటి అసలు ప్రతులు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. ఆనాడు కొనేవాళ్ళు లేక అరుదైపోయిన పాటలను ఈనాడు అరుదైనవి కనుకనే వెతికి కొంటున్నారు. ఈ తలకిందులు కావడం కాలం చేసిన పని కాదు. కొద్దిమంది సేకర్తలూ, వాళ్ళు పరిమిత సంఖ్యలో వేసిన పునర్ముద్రణలూ కలిసి చేసిన పని. పారామౌంట్ అనే ఒక్క రికార్డు కంపెనీ కథను వెంబడిస్తే అది ఎలా జరిగిందో తెలుస్తుంది.

పారామౌంట్ పుట్టింది సంగీతాభిమానం వల్ల కాదు. విస్కాన్సిన్‌లోని పోర్ట్ వాషింగ్టన్‌లో విస్కాన్సిన్ చైర్ కంపెనీ అనే కుర్చీల తయారీ సంస్థ ఉండేది. గ్రామఫోన్లు చెక్క బీరువాల్లో అమర్చి అమ్మే కాలంలో ఆ సంస్థ ఆ బీరువాల తయారీకి దిగింది. తర్వాత సొంతంగా గ్రామఫోన్లూ అమ్మింది. యంత్రం కొన్నవాడికి వినడానికి పాటలు కావాలి కనుక 1917లో పారామౌంట్ పేరుతో రికార్డులు మొదలుపెట్టింది. రికార్డు విభాగానికి ‘న్యూయార్క్ రికార్డింగ్ లాబొరేటరీస్’ అని ఘనమైన పేరు పెట్టుకున్నా, రికార్డులు అచ్చయ్యేది గ్రాఫ్టన్‌లో మిల్వాకీ నది ఒడ్డునున్న ఫ్యాక్టరీలోనే.

మొదటి ఐదేళ్ళలో వేసిన నాట్య సంగీతం, ప్రజాదరణ పొందిన పాటల రికార్డులు పెద్ద కంపెనీల పోటీకి నిలవలేదు. 1922లో నల్లజాతి శ్రోతల కోసం 12000 సంఖ్యతో ప్రత్యేక శ్రేణి ప్రారంభించడంతో దశ తిరిగింది. ఇటువంటి వాటిని ఆనాటి వ్యాపార పరిభాషలో ‘రేస్ రికార్డులు’ అనేవారు. మరుసటి ఏడు బ్రౌన్ విశ్వవిద్యాలయంలో చదివిన, వృత్తి ఫుట్‌బాల్ ఆడిన మేయో విలియమ్స్ ఈ విభాగంలో చేరాడు. శ్వేతజాతీయుల కంపెనీల్లో అటువంటి బాధ్యత చేపట్టిన తొలి నల్లజాతీయుల్లో ఆయన ఒకడు. మా రెయినీ అనే గాయని 1923లో పారామౌంట్‌కు పాడడం మొదలుపెట్టింది. ‘చికాగో డిఫెండర్’ వంటి పత్రికల్లో బొమ్మలతో ప్రకటనలు వేసి, దుకాణాలు లేని పల్లెలకు టపాలో రికార్డులు పంపేవారు. ఒక్కోటి 75 సెంట్లు. కళాకారులకు మాత్రం సాధారణంగా పాటకింతని కొంత సొమ్ము చేతిలో పెట్టి పంపేవారు. అమ్మకాల్లో వాటా దక్కడం అరుదు.

1926లో టెక్సస్ నుంచి వచ్చిన బ్లైండ్ లెమన్ జెఫర్సన్ ఒంటరిగా గిటారు వాయిస్తూ పాడిన రికార్డులు విపరీతంగా అమ్ముడయ్యాయి. దాంతో కంపెనీ దక్షిణాది పల్లె గాయకుల వేటలో పడింది. జాక్సన్ నగరంలో దుకాణం నడిపే హెచ్. సి. స్పియర్ అనే వ్యాపారి ఈ వేటలో అందెవేసిన చేయి. ఆయన పంపినవాళ్ళలో చార్లీ పాటన్ ముఖ్యుడు. 1929 జూన్‌లో పాటన్ తొలి పాటలను ఇండియానాలోని రిచ్‌మండ్‌లో జెన్నెట్ కంపెనీ స్టూడియోలో రికార్డు చేశారు. అందులో ఒక రికార్డును గాయకుడి పేరు దాచి ‘మాస్క్‌డ్ మార్వెల్’ పేరుతో విడుదల చేసి, పాడిందెవరో పోల్చుకున్నవారికి ఒక రికార్డు ఉచితమని పందెం కట్టారు. అప్పటికి పాటన్ గొంతును పోల్చుకోగల శ్రోతలు ఉన్నారన్న ధీమా ఆ ప్రకటనలో కనిపిస్తుంది. 1930లో పాటన్‌తో పాటు సన్ హౌస్, విల్లీ బ్రౌన్ గ్రాఫ్టన్‌కు వచ్చి పాడారు.

ఆ కాలపు రికార్డులు నేటి వినైల్‌వి కావు. లక్క పురుగు స్రవించే జిగురులో రాతిపొడి, మసి కలిపి అచ్చు పోసేవారు. నాటి ప్రపంచానికి కావలసిన లక్కలో అత్యధిక భాగం మన దేశం నుంచే, ముఖ్యంగా ఛోటా నాగపూర్ అడవుల నుంచే వెళ్ళేది. ఖర్చు తగ్గించుకోవడానికి పారామౌంట్ నాసిరకం మిశ్రమం వాడేది. అందుకే ఆ రికార్డులు కొత్తవి విన్నా గరగర వినిపించేది. పేదల ఇళ్ళలో బరువైన ఉక్కు సూదుల కింద పదేపదే తిరిగి గాళ్ళు అరిగిపోయేవి. 1932లో కొత్త రికార్డింగులు ఆగిపోయాయి, కొద్ది ఏళ్ళలోనే విభాగం మూతపడింది. మళ్ళీ అచ్చువేయడానికి ఆధారమైన లోహపు మాతృకల్లో చాలా భాగం తుక్కు కింద పోయింది. ఉద్యోగాలు పోయిన కార్మికులు మిగిలిన సరుకును నదిలోకి విసిరేశారని ఒక ఐతిహ్యం పుట్టింది. ఆ మాట పట్టుకుని అమెరికన్ రచయిత్రి అమాండా పెట్రుసిచ్ స్కూబా సామగ్రి ధరించి మిల్వాకీ నదిలో మునిగి వెతికింది. ఒక్క రికార్డూ దొరకలేదు.

మాతృక లేనప్పుడు పునర్ముద్రణకు మిగిలే దారి ఒక్కటే: ఎవరి ఇంట్లోనో మిగిలిన ప్రతిని తెచ్చి వాయించి, ఆ శబ్దాన్నే కొత్తగా అచ్చువేయడం. కనుక ఈ కథలో సేకర్త వస్తువుకు యజమాని మాత్రమే కాడు. అతని అలమరే మూలపత్రాల భాండాగారం.

1948లో కొలంబియా కంపెనీ ఎల్‌పీని ప్రవేశపెట్టడంతో, మూడు నిమిషాల పాటలు ఒక్కో వైపు అరడజనుకు పైగా పట్టే వీలు కలిగింది. 1952లో హ్యారీ స్మిత్ అనే సేకర్త తన దగ్గరున్న 1927–1932 నాటి రికార్డుల నుంచి 84 పాటలు ఏరి, ఫోక్‌వేస్ సంస్థ ద్వారా ‘ఆంథాలజీ ఆఫ్ అమెరికన్ ఫోక్ మ్యూజిక్’ వెలువరించాడు. ‘మాస్క్‌డ్ మార్వెల్’ పాటన్, బ్లైండ్ లెమన్ ఇద్దరూ అందులో ఉన్నారు. మరోవైపు చికాగో జాజ్ సేకర్త జాన్ స్టైనర్ పారామౌంట్ హక్కులు సంపాదించాడు. ఆయన నుంచి అనుమతి పొందిన రివర్‌సైడ్ సంస్థ 1953లో పాత పాటల పునర్ముద్రణలతోనే వ్యాపారం ఆరంభించింది. తర్వాతి కాలంలో థెలోనియస్ మంక్ రికార్డులకు పేరుపొందిన రివర్‌సైడ్ ఇదే.

అయితే రివర్‌సైడ్ నడిపినవాళ్ళ చూపు జాజ్ మీద. మా రెయినీని వాళ్ళు జాజ్‌కు పూర్వరంగంగా చూశారు. పల్లె బ్లూస్‌ను దానికదే గొప్ప కళగా నిలబెట్టినవాడు బ్రూక్లిన్‌లో వై.ఎం.సి.ఎ. గదిలో ఒంటరిగా బతికిన జేమ్స్ మెక్యూన్. 1944లో ఆయన చేతికి పాటన్ రికార్డు ఒకటి వచ్చింది. అప్పటి నుంచి ఆయన ఉత్తరాల ద్వారా, సాయంకాలపు సమావేశాల ద్వారా తన అభిరుచిని చుట్టూ ఉన్న యువకులకు అంటించాడు. ఆ గుంపులోని పీట్ వీలన్, బిల్ గివెన్స్ 1960లో ఆరిజిన్ జాజ్ లైబ్రరీ సంస్థ పెట్టి మొదటి ఎల్‌పీగా పాటన్ పాటలు వేశారు. తొలి ముద్రణ 500 ప్రతులు. అంతకుమించి కొనేవాళ్ళు ఉంటారని వాళ్ళకే నమ్మకం లేదు. ఆనాటి పరిమితి వెనక ఉన్నది పేదరికం, సంశయం.

అంతకు ముందు ఏడాది శామ్యూల్ చార్టర్స్ ‘ది కంట్రీ బ్లూస్’ అనే పుస్తకం రాశాడు. అందులో ఆయన ఆ రికార్డులు వెలువడిన కాలపు నల్లజాతి శ్రోతలు ఎవరిని ఎక్కువగా కొన్నారో వారికే పెద్దపీట వేశాడు. సేకర్తలకు అది నచ్చలేదు. తమ రెండో ఎల్‌పీకి ‘రియల్లీ! ది కంట్రీ బ్లూస్’ అని ఎత్తిపొడుపు పేరు పెట్టారు. అందులో స్కిప్ జేమ్స్ వంటివాళ్ళున్నారు. ఈ వాదంలో చివరకు గెలిచింది సేకర్తలే. ఆ ఎల్‌పీలు విన్నవాళ్ళు గాయకులను వెతుక్కుంటూ దక్షిణాదికి బయలుదేరారు. 1964లో సన్ హౌస్ న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లోనూ, స్కిప్ జేమ్స్ మిసిసిపీలోని టునికా ఆసుపత్రిలోనూ కనిపించారు. జేమ్స్ అదే వేసవిలో న్యూపోర్ట్ ఉత్సవంలో పాడాడు. 1966లో క్రీమ్ అనే బ్రిటిష్ బృందం ఆయన పాటను తమ తొలి ఎల్‌పీలో చేర్చింది. 1969లో ఆయన మరణించాడు. పాటన్ 1934లోనే పోయాడు, ఈ వైభవం ఏదీ ఎరగడు.

ఇక్కడ చరిత్రకారుడు ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటుంది. మా రెయినీ, బ్లైండ్ లెమన్ తమ కాలంలో వేలాది ఇళ్ళలో వినిపించారు. కనుక వారి రికార్డులు ఎక్కువగా మిగిలాయి, సేకర్తకు వాటి మీద మోజు తగ్గింది. జేమ్స్ రికార్డులు అమ్ముడుపోలేదు. కనుక అరుదయ్యాయి, విలువ పెరిగింది, పునర్ముద్రణ జరిగింది, చరిత్రలో ముందువరుసకు వచ్చాయి. జేమ్స్ గొప్పతనాన్ని ఎవరూ కాదనలేరు. కానీ బ్లూస్ చరిత్ర అని మనం చదివే దాంట్లో నాటి శ్రోతల అభిరుచి ఎంత, ముప్ఫై ఏళ్ళ తర్వాతి సేకర్తల అభిరుచి ఎంత అన్నది విడదీసి చూడకపోతే లెక్క తప్పుతుంది. 1980ల నుంచి ఆస్ట్రియాలో యోహాన్ పార్త్ నడిపిన డాక్యుమెంట్ సంస్థ ఈ ఎంపికను పక్కనపెట్టి, ప్రతి గాయకుడి పాటలన్నీ కాలక్రమంలో వెలువరించింది. వినసొంపుగా ఏరి కూర్చిన యాజూ సంస్థ ఎల్‌పీలకు అది సరైన విరుగుడు. పరిశోధకులకు మొదటిది లేకపోతే పని జరగదు, శ్రోతలకు రెండోది లేకపోతే ఆసక్తి పుట్టదు.

అరిగిన రికార్డు నుంచి పాట తీయడం ఒక నైపుణ్యం. పాత రికార్డు గాడి ఎల్‌పీ గాడికి సుమారు మూడింతల వెడల్పు. ఉక్కు సూది దాన్ని ఒక లోతు దగ్గర అరగదీస్తే, వేరే పరిమాణంలోని సూదిని ఎంచుకుని గాడి గోడ మీద అరగని చోట ఆనించి చదవవచ్చు. వేగం కూడా అన్నిటికీ సరిగ్గా నిమిషానికి 78 చుట్లు కాదు. వేగం తప్పితే గొంతు శ్రుతే మారిపోతుంది. గరగరను మరీ తుడిచేస్తే గాయకుడి ఊపిరీ పోతుంది. అందుకే ఒకే పాట రెండు పునర్ముద్రణల్లో రెండు రకాలుగా వినిపిస్తుంది.

అమెరికాలో 2020లో వినైల్ అమ్మకాల రాబడి 1986 తర్వాత తొలిసారి సీడీలను దాటింది. ఈ కొత్త గిరాకీ ఊపందుకుంటున్న కాలంలోనే, 2013లో రాక్ సంగీతకారుడు జాక్ వైట్ నడిపే థర్డ్ మ్యాన్, పాటన్ మీద అంతకుముందే పెద్ద సీడీ సంపుటం తెచ్చిన రెవెనెంట్ సంస్థ కలిసి పారామౌంట్ చరిత్ర మొదటి సంపుటం విడుదల చేశాయి. ఓక్ చెక్క పెట్టెలో ఆరు ఎల్‌పీలు, రెండు పుస్తకాలు, 800 పాటలున్న యూఎస్‌బీ. ధర 400 డాలర్లు, ప్రతులు 5,000. మరుసటి ఏడు అల్యూమినియం పెట్టెలో రెండో సంపుటం వచ్చింది. చెక్కపని చేసే కంపెనీ తన సరుకు అమ్ముకోవడానికి పాటలు పుట్టించింది. తొంభై ఆరేళ్ళకు ఆ పాటల కోసం చెక్కపెట్టె తయారైంది. 1960 నాటి 500కూ ఈ 5,000కూ తేడా సంఖ్యలో మాత్రమే లేదు. మొదటిది అమ్ముడుపోదేమో అన్న భయంతో పెట్టుకున్న హద్దు, రెండోది విలువ పెంచడానికి ముందే వేసుకున్న హద్దు. అదే 2013లో టామీ జాన్సన్ పాడిన ఒక పారామౌంట్ రికార్డు అసలు ప్రతి వేలంలో 37,100 డాలర్లు పలికింది. విల్లీ బ్రౌన్ 1930లో పాడిన 13099 సంఖ్య రికార్డు మాత్రం ఈనాటికీ ఒక్క ప్రతి కూడా బయటపడలేదు. ఎంత సొమ్ము పోసినా దాన్ని పునర్ముద్రించలేరు.

అమెరికాలో 2018 చట్టం ప్రకారం 1923 నుంచి 1946 వరకు వెలువడిన ధ్వనిముద్రణలకు నూరేళ్ళ కాపీరైట్ రక్షణ ఉంది. 1923 నాటివి 2024 జనవరి 1న ప్రజలపరమయ్యాయి. స్కిప్ జేమ్స్ 1931 రికార్డుల వంతు 2032 జనవరి 1న వస్తుంది. ఆపైన ఆ శబ్దాన్ని ఎవరైనా ఎన్ని ప్రతులైనా వేసుకోవచ్చు. పాటకు పరిమితి ఉండదు, అట్టకూ పెట్టెకూ మాత్రమే ఉంటుంది. అప్పుడు ఒక పునర్ముద్రణను కొనడానికి మిగిలే న్యాయమైన కారణాలు మూడే: ఏ ప్రతి నుంచి తీశారు, ఎంత శ్రద్ధగా తీశారు, దానికి రాసిన వ్యాఖ్య గాయకుడి గురించి కొత్తగా ఏం చెప్పింది. ఆరిజిన్ జాజ్ లైబ్రరీ మొదటి ఎల్‌పీ నిలిచింది ఈ పనుల వల్లనే. దాని ప్రతుల సంఖ్య ఎంతో తెలియనివాళ్ళు కూడా దాన్ని విని సన్ హౌస్‌ను వెతకడానికి బయలుదేరారు.