మాజీ అధ్యక్షుడు మోసిన అర్జీలు

బోస్టన్‌కు దక్షిణాన క్విన్సీ ఊళ్లో ఒక పాత చర్చి ఉంది. దాని నేలమాళిగలో ఇద్దరు అమెరికా అధ్యక్షుల సమాధులున్నాయి. తండ్రి జాన్ ఆడమ్స్, కొడుకు జాన్ క్విన్సీ ఆడమ్స్. మనవాళ్లకు వాషింగ్టన్, లింకన్ తెలుసు. ఈ కొడుకు పేరు విన్నవాళ్లు తక్కువ. మసాచుసెట్స్‌లో స్థిరపడ్డాక ఈ దేశ చరిత్రలో నాకు అందరికన్నా దగ్గరైన మనిషి ఆయనే.

1767లో పుట్టాడు. ఏడేళ్లప్పుడు తల్లితో గుట్టెక్కి బంకర్ హిల్ యుద్ధం చూశాడు. పద్నాలుగో ఏటే రాయబారికి కార్యదర్శిగా రష్యా వెళ్లాడు. విదేశాంగ మంత్రిగా స్పెయిన్‌తో ఒప్పందం చేసుకుని ఫ్లోరిడాను రాబట్టాడు. 1824 అధ్యక్ష ఎన్నికల్లో ప్రత్యర్థి జాక్సన్‌కు 99 ఎలక్టోరల్ ఓట్లు, ఈయనకు 84. మిగతా ఓట్లు వేరేవాళ్లకు పోయి ఎవరికీ మెజారిటీ లేక ప్రతినిధుల సభ ఈయన్ని ఎన్నుకుంది. అక్కడ తనకు మద్దతిచ్చిన హెన్రీ క్లేను విదేశాంగ మంత్రిని చేయడంతో, పదవి కోసం బేరమాడాడన్న నింద నాలుగేళ్లూ వెంటాడింది. 1828లో ఓడిపోయాడు.

నేను చెప్పాలనుకున్నది ఆ తర్వాతి సంగతి. 1830లో సొంత ప్రాంతం వాళ్లు గెలిపిస్తే, దేశాన్ని ఏలిన మనిషి ప్రతినిధుల సభలో మామూలు సభ్యుడిగా వెళ్లి కూర్చున్నాడు. బానిసత్వాన్ని రద్దు చేయమంటూ ఆ సభకు వేలకొద్దీ అర్జీలు వస్తున్న కాలం అది. సంతకాలు చేసినవాళ్లలో ఓటు హక్కు లేని ఆడవాళ్లు ఎందరో. 1836లో సభ ఒక నియమం పెట్టింది: బానిసత్వం గురించి ఏ అర్జీ వచ్చినా చర్చ లేకుండా పక్కన పడేయాలి. సోమవారం కలెక్టరేట్ ముందు కాగితం పట్టుకుని నిలబడ్డవాళ్లకు అదెంత అవమానమో వేరే చెప్పక్కర్లేదు. ఆడమ్స్ మాత్రం అర్జీలు తెస్తూనే ఉన్నాడు. 1837లో, బానిసలే పంపినట్టున్న అర్జీ తన దగ్గరుంది, ఏం చేయమంటారని స్పీకర్‌ని అడిగేసరికి సభ అట్టుడికిపోయింది. 1842లో ఆయన్ని అభిశంసించబోయారు. రోజుల తరబడి తన వాదన తానే వినిపించుకుని, ఆ తీర్మానం పెట్టినవాళ్లే వెనక్కి తగ్గేలా చేశాడు. 1844 డిసెంబరు 3న ఆయన ప్రతిపాదన మీదే, 108–80 ఓట్లతో ఆ నియమం రద్దయింది.

ఆ పోరాటం మధ్యలోనే అమిస్టాడ్ కేసు వచ్చింది. ఎత్తుకొచ్చి అమ్మేసిన ఆఫ్రికన్లు తిరగబడి అమిస్టాడ్ ఓడను స్వాధీనం చేసుకుంటే, వాళ్లను అమెరికాలో జైల్లో పెట్టారు. ముప్పై ఏళ్లకు పైగా సుప్రీంకోర్టులో వాదించని ఆడమ్స్, 73వ ఏట వాళ్ల తరఫున నిలబడ్డాడు. 1841 మార్చిలో వాళ్లు స్వతంత్రులని కోర్టు తీర్పు చెప్పింది.

అయితే ఈయనే ఒకప్పుడు, బ్రిటిష్ సైన్యంతో వెళ్లిపోయిన బానిసలకు బదులుగా యజమానులకు నష్టపరిహారం ఇప్పించాలని గట్టిగా బేరమాడాడు. ఆ సంగతి తెలిశాక ముసలితనంలో ఆయన మారిన తీరు మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

1848 ఫిబ్రవరి 21న సభలో తన కుర్చీ దగ్గరే కుప్పకూలాడు. కదిలించే వీల్లేక స్పీకర్ గదిలోనే ఉంచారు. 23న అక్కడే పోయాడు. అప్పుడు ఆ సభలో లింకన్ కూడా సభ్యుడే.

పన్నెండో ఏట మొదలుపెట్టిన ఆయన డైరీ 51 సంపుటాలు. మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీ వాటిని ఇంటర్నెట్లో పెట్టింది. చదవాలనుకుంటే 1836 నుంచి మొదలుపెట్టండి.