శత్రువు ఎవరికి?

ఇంగ్లీషులో ‘ఇనిమికల్’, ‘హాస్టైల్’ రెండూ వైరాన్ని తెలిపే మాటలే. మొదటిది నేడు ఎక్కువగా హాని చేసే పరిస్థితులకూ, రెండవది ఎదిరించే మనుషులకూ, సేనలకూ చెల్లుతుంది. వీటి పుట్టుకలు కూడా వేరు. లాటిన్‌లో ‘ఇనిమికస్’ సొంత పగవాడు. ‘హోస్టిస్’ రాజ్యానికి శత్రువు.

‘హోస్టిస్’ అంటే పూర్వం పరదేశి అనే అర్థమని క్రీ.పూ. 44లో సిసిరో రాశాడు. శత్రువుకు అంత మెత్తని పేరు పెట్టడం పూర్వుల సౌమ్యత అన్నాడు. నేను దాన్ని మరో విధంగా చదువుతాను: పాలకుల యుద్ధాలు సాగినకొద్దీ పరదేశే శత్రువైపోయాడు.

1940లో బ్రిటిష్ ప్రభుత్వం, హిట్లర్ బారినుండి పారిపోయి వచ్చిన యూదులను సైతం వేలాదిగా ‘ఎనిమీ ఏలియన్స్’ పేరిట నిర్బంధించింది. ‘ఎనిమీ’ పుట్టింది ‘ఇనిమికస్’ నుంచే. సొంత పగకు పుట్టిన మాటను రాజ్యం కాందిశీకుల మెడకు తగిలించింది. శత్రువన్న మాట వినగానే ఎవరికి శత్రువని అడగడం భాషా విద్యార్థి మొదటి కర్తవ్యం.