పిల్లికి దక్కిన జట్టు: ‘రూబార్బ్’ చిత్రంలో ఆస్తి, ఆటగాడు

1951లో పారమౌంట్ సంస్థ విడుదల చేసిన ‘రూబార్బ్’ హాస్యచిత్రంలో ఒక పిల్లి బ్రూక్లిన్ బేస్‌బాల్ జట్టుకు యజమాని అవుతుంది. హెచ్. అలెన్ స్మిత్ 1946లో ప్రచురించిన నవల ఆధారంగా ఆర్థర్ లూబిన్ దీనికి దర్శకత్వం వహించాడు. దీనిని కేవలం ఒక జంతువు అల్లరిగా చూడటం సులభం. అయితే వీలునామా వల్ల ఆ పిల్లికి నిజంగా సంక్రమించినదేమిటని ప్రశ్నించుకుంటే ఇందలి హాస్యానికి మరొక పార్శ్వం గోచరిస్తుంది.

కోటీశ్వరుడైన బ్యానర్, గోల్ఫ్ బంతులను ఎత్తుకుపోయే ఒక పొగరుబోతు వీధిపిల్లి తెగువకు ముగ్ధుడై, మరణానంతరం తన ఆస్తి, జట్టు దానికే చెందాలని రాస్తాడు. కూతురు దావా వేస్తుంది. జట్టు ప్రచారకుడైన యేగర్ (రే మిలండ్) పిల్లికి సంరక్షకుడవుతాడు. నలుగురూ నవ్వుతారని ఆటగాళ్లు మొదట మొరాయిస్తారు. పిల్లి అదృష్టం తెస్తుందని నమ్మించగానే మెత్తబడతారు. పిల్లి ఎదురైతే ప్రయాణం మానుకొనే తెలుగు ప్రేక్షకునికి ఈ శకునం తలక్రిందులుగా తోచవచ్చు. గమనించదగినది మరొకటి: వారి అభ్యంతరం యజమాని పిల్లి కావడం మీదనే గాని, తాము ఒకరి సొత్తు కావడం మీద కాదు.

ఇది కల్పన కాదు. నాటి ‘రిజర్వు నిబంధన’ ప్రకారం ఒప్పందం గడువు ముగిసినా ఆటగానిపై హక్కు జట్టుదే. యాజమాన్యం అతణ్ణి అమ్మవచ్చు, మార్చుకోవచ్చు. అతడు మాత్రం తనంతట వేరొక జట్టులో చేరరాదు. బేస్‌బాల్‌కు గుత్తాధిపత్య నిరోధక చట్టం వర్తించదని అమెరికా సుప్రీంకోర్టు 1922లోనే తీర్పునిచ్చింది. చిత్రం విడుదలైన సంవత్సరమే ఇమాన్యుయేల్ సెల్లర్ అధ్యక్షతన కాంగ్రెసు ఉపసంఘం ఈ వ్యవహారంపై విచారణ జరిపింది. నిబంధన పట్టు సడలడానికి 1975 నాటి మధ్యవర్తి తీర్పు దాకా ఆగవలసి వచ్చింది.

కథకు బ్రూక్లిన్ నేపథ్యం కావడమూ ఆలోచింపదగినదే. అక్కడి డాడ్జర్స్ జట్టు యజమాని చార్లెస్ ఎబెట్స్ 1925 ఏప్రిల్‌లో మరణించాడు. భాగస్వామి ఎడ్వర్డ్ మెకీవర్ కొద్ది రోజులకే కన్నుమూశాడు. చెరిసగం వాటాలున్న ఇరుపక్షాల మధ్య నిర్ణయాలు ఏళ్ల తరబడి స్తంభించాయి. 1950లో వాల్టర్ ఓమాలీ ఆధిపత్యం చేజిక్కించుకొన్నాడు. పిల్లి కథ తెరకెక్కేనాటికి వాటాల వ్యవహారం ఆ ఊరికి పాత ముచ్చటేమీ కాదు. పిల్లికి పెట్టిన పేరు కూడా ఆ మైదానాల నుండి వచ్చినదే: బేస్‌బాల్ పరిభాషలో ‘రూబార్బ్’ అంటే రభస.